తండ్రి గడిలో అడ్డగీత

వామపక్ష సాహిత్యం చదివిన తెలుగు ఇళ్లల్లో గోర్కీ ‘అమ్మ’ తెలియనివాళ్లు అరుదు. ఆ నవలలో నాన్న కూడా ఉన్నాడు. తాగొచ్చి భార్యను కొట్టే కార్మికుడు, కథ మొదట్లోనే చనిపోతాడు. సోవియట్ సమాజం గురించి మన చర్చలూ ఇలాగే సాగాయి. శిశు సంరక్షణ కేంద్రాల గురించీ, మహిళా ఇంజనీర్ల గురించీ, వ్యోమగామి తెరెష్కోవా గురించీ మాట్లాడుకున్నాం. సోవియట్ ఇళ్లల్లో తండ్రి ఏం చేసేవాడని అడగలేదు. ఇప్పుడు చరిత్రకారులు అడుగుతున్నారు. వాళ్లు తేల్చిన విషయాలు సోషలిజాన్ని ప్రేమించేవాళ్లే ముందుగా చదవాలి.

1944 జులై 8 నాటి శాసనం సంగతే చూడండి. యుద్ధం మగవాళ్లను మింగేస్తోంది. అది ముగిసేసరికి దేశం పోగొట్టుకున్నది సుమారు 2.7 కోట్ల ప్రాణాలు. జననాలు పెరగాలి. ఆ శాసనం వెనుక ఆలోచన సోవియట్ నేత క్రుశ్చేవ్‌దని చరిత్రకారిణి మియే నకాచి తన పరిశోధనలో చూపించారు. దాని ప్రకారం, పెళ్లి నమోదు కాకుండా బిడ్డను కన్న స్త్రీ ఆ తండ్రి మీద దావా వేయలేదు, భరణం అడగలేదు. ఆమెకు ప్రభుత్వమే కొంత భృతి ఇస్తుంది. బిడ్డ జనన పత్రంలో తండ్రి పేరు ఉండాల్సిన చోట ఒక అడ్డగీత గీస్తారు. ఆ కాగితం బయటికి తీసిన ప్రతిచోటా ఆ గీతే ముందు కనిపించేది. సక్రమ సంతానం, అక్రమ సంతానం అన్న తేడాను 1918లో చెరిపేసింది కూడా ఈ ప్రభుత్వమే. పాతికేళ్లు దాటాయో లేదో, ఆ తేడాను మళ్లీ పిల్లల నెత్తిన పెట్టింది.

1968లో గానీ ఈ నిబంధన సడలలేదు. అదే ఏడాది జనాభా శాస్త్రవేత్త బోరిస్ ఉర్లానిస్ ‘లితెరతూర్నయ గజియెత’ పత్రికలో, మగవాళ్లను కాపాడుకోవాలంటూ వ్యాసం రాశాడు. వాళ్లు ఆడవాళ్లకంటే ముందే చనిపోతున్నారన్నది ఆయన బాధ. ఆ బాధ న్యాయమైనదే. కానీ సోవియట్ మగవాడు బలహీనపడ్డాడని, ఇంటిని పట్టించుకోడని ఆ తర్వాత వాపోయినవాళ్లలో చాలామంది, ఇరవై నాలుగేళ్లపాటు తండ్రిని బాధ్యత నుంచి తప్పించింది చట్టమేనన్న సంగతి వదిలేశారు. మగవాడి స్వభావమే అంతని సరిపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

సోవియట్ యూనియన్‌తో పోలిస్తే తూర్పు జర్మనీ కొంత మెరుగు. తండ్రులను మార్చాలని అక్కడ జరిగిన ప్రయత్నాలను చరిత్రకారుడు పీటర్ హలామా పరిశీలించారు. ఇంటిపని కోసం నెలకు ఒకరోజు జీతంతో కూడిన సెలవు 1952 నుంచీ అక్కడ ఉండేది, ఆడవాళ్లకు. 1977లో దాన్ని మగవాళ్లకూ ఇచ్చారు. అయితే ఒంటరిగా పిల్లల్ని పెంచుతుండాలి, లేదా భార్య జబ్బుపడి ఉండాలి. ఆమె లేచి తిరిగే ఇంట్లో అంట్లూ, బట్టలూ, పిల్లలూ ఆమె వంతేనని కార్మిక చట్టంలోనే రాసుకున్నారు.