తెంపే ముందు తెలుసుకోండి

వైద్యులుగారూ, ఇది ఏ రోగానికి పనిచేస్తుందండీ?

గత కార్తికమాసంలో కొత్తగూడలోని కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్‌లో నేను గంటసేపట్లో పదిసార్లు విన్న ప్రశ్న ఇది. వనభోజనాల మాసం కదా, చెట్లు చూపించమని మా కాలనీవారు నన్ను వెంటబెట్టుకొని వెళ్ళారు. 274 ఎకరాల ఆ వనం కొత్తగూడ రక్షితారణ్యంలోని భాగం. చుట్టూ అద్దాల మేడలు లేచినా, లోపల దక్కను పీఠభూమి నాటి నల్లరాతి గుండ్లు, వాటి సందుల్లో ముళ్ళపొదలు, తీగలు నేటికీ ఉన్నాయి.

కొంత దూరం నడిచాక ఒక యువకుడు పొదమీది తీగను చటుక్కున తెంపి, "తిప్పతీగ! కరోనా నాటినుంచీ రోజూ దీని కషాయమే తాగుతున్నానండీ" అన్నాడు. అది తిప్పతీగ కాదు, దూసరతీగ. రెండూ ఒకే కుటుంబానికి చెందినవే. ఎలాగూ తెంపాడు గనుక ఆకులను నలిపి సీసాలోని నీటిలో కలపమన్నాను. కొంతసేపటికి నీరు జిగురుగా గడ్డకట్టింది. ఆ పిమ్మట వేపచెట్టును అల్లుకొన్న అసలు తిప్పతీగను చూపాను: నున్నని హృదయాకారపు ఆకు, కాగితంలా లేచే పైపొర, కిందికి వేలాడే సన్నని ఊడలు. అతని ముఖం వెలవెలబోయింది. ఇన్నేళ్ళూ తాను తాగినది ఏమిటో అతనికే తెలియదు!

ఇది నవ్వి ఊరుకొనే విషయం కాదు. తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై వైద్యులు 2021లో ప్రకటించారు. దానిని పోలిన వేరొక తీగ వల్ల ఇట్టి హాని కలుగవచ్చునని, వాడినది ఏదో ముందుగా నిర్ధారించవలసిందని ఆయుష్ మంత్రిత్వశాఖ అన్నది. అయితే అసలు తిప్పతీగ వాడినవారిలోనూ ఇట్టి హాని చూశామని మరికొందరు వైద్యులు తరువాత తెలిపారు. కనుక గుర్తింపు మొదటి మెట్టు మాత్రమే. మోతాదు, కాలం, రోగి ప్రకృతి అనేవి తరువాతి మెట్లు. ఓషధుల నామరూపాలు మేకల కాపరులకూ వనవాసులకూ తెలుసునని చెప్పిన చరకసంహితే, అంతమాత్రాన ప్రయోగం తెలిసినట్లు కాదని కూడా హెచ్చరించింది.

మా గురుకులంలో ఉదయం శ్లోకం, సాయంత్రం అడవి. ఆకు తెంపి తెచ్చినవాడికి ఆనాడు పాఠం లేదు. గురువుగారు శిష్యుణ్ణి చెట్టువద్దకే తీసుకువెళ్ళి, బెరడు తాకించి, వాసన చూపించి, పూతవేళ ఒకసారి, కాయవేళ మరొకసారి అదే చెట్టును చూపించేవారు. గురివిందను చూపి, "దీని ఆకు నమిలితే తియ్యన, గింజ నమిలితే మరణం. ఒకే తీగరా!" అనేవారు. ఆ మాటకు మించిన ద్రవ్యగుణ పాఠం నేను నేటికీ ఎరుగను.

అందుచేత నా అభిప్రాయం ఇది. వన సందర్శనం మందుల సేకరణ కారాదు, పరిచయం కావాలి. ఒక్కపూటలో యాభై మొక్కల పేర్లు వల్లించడం కన్న, అయిదింటిని నిదానంగా చూడడం మేలు. దారి చూపేవారు ఉపయోగంతోపాటు పోలిక మొక్కలనూ, ప్రమాదాన్నీ చెప్పాలి. ఉద్యానాలలోని ఫలకాలపై తెలుగు పేరుతోపాటు ఈ భేదాలు కూడా రాయించడం అధికారులకు కష్టమేమీ కాదు.

పాఠకులకు నా మనవి: వనంలో ఏదీ తెంపకండి. ఇంటివద్ద వాడదలచిన మూలికను ముందుగా తెలిసిన వైద్యునికి చూపండి. గర్భవతులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, ఇతర మందులు వాడుతున్నవారు సొంత నిర్ణయంతో ఏ కషాయమూ సేవించరాదు.

ఆ యువకుడు మొన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో ఆకు లేదు. "ఆ వేపచెట్టు మీది తీగకు ఎర్రని పండ్లు వచ్చాయండీ" అన్నాడు. పాఠం మొదలైందని సంతోషించాను.