కొలిమి కూడా ప్రయోగశాలే!

చెన్నై ఎగ్మూరు మ్యూజియం 1851లో వెలసింది. అక్కడి కంచు విగ్రహాల్లో తిరువాలంగాడు నటరాజూ ఉన్నాడు, మన అమరావతి బుద్ధుడూ ఉన్నాడు. చూసినవారెవరైనా "ఆహా, ఏమి శిల్పం!" అనక మానరు. మంచిదే. కాని ఆ విగ్రహాన్ని ఎలా పోతపోశారని అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం?

ముందు తేనెమైనంలో గుగ్గిలం కలిపి బొమ్మను మలుస్తారు. వేళ్లూ, నగలూ అన్నీ ఆ మైనంలోనే. దానిమీద మెత్తని ఒండ్రుమట్టి పూసి, ఆరాక ముతక మట్టి పొరలు పెడతారు. మూసను కాలిస్తే మైనం కారిపోయి లోపల బోలు మిగులుతుంది. అందులో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొట్టి, ఉలితో చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. మూస పగిలిపోయింది గనుక అచ్చం అలాంటిది మళ్లీ రాదు. శిల్పశాస్త్రంలో దీని పేరు మధూచ్ఛిష్ట విధానం.

ఇందులో మన సైన్సు లేదా? రాగి 1085 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. తగరం కలిస్తే అంతకన్నా తక్కువ వేడికే కరుగుతుంది. మూసలో తడి ఉంటే ఆవిరై లోహం ఎగజిమ్ముతుంది. మూస చల్లగా ఉంటే వేలికొసకు చేరకముందే గడ్డకడుతుంది. గాలి పోయే దారి లేకపోతే బుడగలు పడతాయి. ఇవన్నీ థర్మామీటరు లేకుండానే తెలుసుకున్నవాడు స్థపతి.

మాది వ్యవసాయ కుటుంబం. మట్టిని పిడికిట్లో నలిపి పదును చెప్పే మా నాన్నను ఎవరూ శాస్త్రజ్ఞుడనరు. పోతపోసేవాడి గతీ అంతే! చేతిలో ఉన్న విద్యను విద్యగా లెక్కించకపోవడం మన చదువులకు పట్టిన జబ్బు.

"కళను చూసి ఆనందించాలి గాని మట్టి, మైనం గొడవ మనకెందుకు?" అనే మిత్రులున్నారు. వరి ఎలా పండుతుందో తెలిస్తే అన్నం రుచి తగ్గుతుందా? ఏ మ్యూజియమైనా విగ్రహం పక్కన రాజవంశం, శతాబ్దం రాసి ఊరుకోకూడదు. ఒక మైనపు బొమ్మ, సగం పగిలిన మూస, గుప్పెడు ఒండ్రుమట్టి కూడా పెట్టాలి. దానికి లక్షలేమీ ఖర్చు కావు.

ఈ విద్య చచ్చిపోలేదు. తంజావూరు దగ్గర స్వామిమలైలో స్థపతులు నేటికీ పోతపోస్తున్నారు. మన ఆదిలాబాద్ ప్రాంతంలో ఓజా కుటుంబాలు మట్టి ముద్దపై మైనపు తీగలు చుట్టి డోక్రా బొమ్మలు చేస్తున్నారు. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కాని గుర్తింపు కాగితంతో కొలిమి మండదు కదా! కొనేవాడుండాలి, నేర్చుకునే కొడుకుండాలి.

అందుకే మన యూనియన్‌కు ఒక సూచన. వచ్చే ఏడు ఎక్స్‌కర్షన్‌లో ఊటీకి ఒక రోజు తగ్గించి, ఆ రోజు ఏదైనా కొలిమి దగ్గర గడుపుదాం. కెమిస్ట్రీ లెక్చరర్లు కూడా వెంట వస్తే మరీ మంచిది. అక్కడ పాఠం చెప్పేది మాత్రం వాళ్లు కాదు, పోతపోసేవాడే!