రక్తం తీసుకెళ్తే ఫలితమూ చెప్పాలి

గోమార్లనండి, పిడుదులనండి, పశువు చెవిలో, పొదుగు దగ్గర, తోక కింద పట్టుకునే ఆ పురుగును పాలు తగ్గించేదిగానే మనం చూస్తాం. వేళ్లతో లాగి గోటితో నలిపేస్తాం. అది మనిషి ప్రాణం తీసే వైరస్‌నూ మోస్తుందని 2011 జనవరిలో గుజరాత్ చూసింది. అహ్మదాబాద్ జిల్లా కోలాట్ గ్రామ మహిళ ఒకరు క్రిమియన్-కాంగో జ్వరంతో చనిపోయారు. ఆమెకు వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా దక్కలేదు. దేశంలో ఈ జ్వరం నిర్ధారణ కావడం అదే మొదలు. తర్వాత ఆ ఊరి పశువుల రక్తం పరీక్షిస్తే వాటికీ వైరస్ సోకిన ఆనవాళ్లు దొరికాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ వైరస్ సోకిన గేదె మేత మానదు, నీరసపడదు. ఓ వారం రోజులు రక్తంలో వైరస్ తిరుగుతుంది, తర్వాత పోతుంది. రైతు డాక్టరును పిలిచే అవసరమే రాదు. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పశువుల రక్తాన్నీ, వాటి మీది గోమార్లనూ ఏటా పరీక్షించాలి. మనిషి పోయాక కొట్టంలోకి రావడాన్ని మేం నిఘా అనలేం.

రైతులు రక్తం తీయనివ్వరని అధికారులు అంటుంటారు. తీసుకెళ్లిన సీసా ఏమైందో చెప్పకపోతే ఎందుకు తీయనిస్తారు? ‘ఫలానా ఊరి పశువులకు వైరస్’ అని పేపర్లో పడితే పాలు ఎవరు కొంటారు? నిజానికి కాచిన పాలతో భయం లేదు, వైరస్ సోకిన పశువును చంపాల్సిన పనీ లేదు. ఆ మాట ముందే ఊళ్లో చెప్పాలి.

మా డిమాండ్ కష్టమైనదేం కాదు. గాలికుంటు టీకాలకు సిబ్బంది ఎలాగూ ఊళ్లోకి వస్తారు. పశువు చెవికి 12 అంకెల ట్యాగు ఉంది. అప్పుడే కొన్ని పశువుల రక్తం తీసి, ఆ నంబరు ప్రకారం ఫలితాన్ని యజమానికి మాత్రమే తెలపాలి. వైరస్ జాడ దొరికిన ఊరికి గోమార్ల మందు ఉచితంగా ఇచ్చి, ఇంటింటా ఒకేసారి కొట్టించాలి. ఈ రకం గోమార్లు కొట్టం గోడ పగుళ్లలో దాక్కుంటాయి. ఒంటి మీద మాత్రమే కొడితే మందు దండగ. మాంసం కొట్టే సోదరులకు, పశువైద్య సిబ్బందికి చేతి తొడుగులివ్వాలి. అందరికంటే ముందు రక్తం అంటేది వాళ్లకే.

ఈలోగా గోమార్లను గోటితో నలపడం మానేద్దాం. ఈసారి టీకాల సిబ్బంది వచ్చినప్పుడు ప్రతి గ్రామ కమిటీ వారిని అడగాలి: రక్తం తీస్తున్నారా, ఫలితం ఎప్పుడు చెబుతారు?