ఏ దగ్గు ఏందో మొదటిరోజే గుర్తుపట్టాలె!

రఘునాథపల్లి అన్నలారా, అక్కలారా, తమ్ముళ్లారా!

2021 ఎండాకాలం మర్చిపోయినమా? ఇంటింటికీ కరోనా జ్వరం. ఆక్సిజన్ బెడ్డు కోసం జనగామ, ఆన్నుంచి వరంగల్ ఎంజీఎం, ఆన్నుంచి హైదరాబాద్ గాంధీ దవాఖాన! దారిలనే దమ్ము ఆగినోళ్లను చూడలేదా మనం?

అప్పుడు ఇష్టమున్నట్టు స్టెరాయిడ్లు వాడిన్రు. ఆక్సిజన్ పడిపోయినోళ్లను బతికించే మందే అది. అవసరం లేనోళ్లకు ఇస్తే? షుగర్ ఎగబాకింది, బ్లాక్ ఫంగస్ పట్టింది. కోఠి ఈఎన్‌టీ దవాఖాన నిండిపోయింది. కండ్లు పోయినయి! ఎవలకియ్యాలె, ఎప్పుడియ్యాలె? ముందే నేర్పి ఉంటే ఇంత గోస ఉండునా?

మళ్లొక వైరస్ రాదని ఎవలన్న రాసిస్తరా? 2009ల స్వైన్ ఫ్లూ దేశంల మొట్టమొదట బయటపడ్డది మన హైదరాబాద్‌లనే. 2020 మార్చి 2న రాష్ట్రంల తొలి కరోనా కేసు తేలింది దుబాయ్ పోయొచ్చిన మనిషికే. బెంగళూరు నుంచి హైదరాబాద్‌కు బస్సులనే వచ్చిండు. హైదరాబాద్‌కు రైలెక్కితే మనకెంత దూరం? మనోళ్లు గల్ఫ్‌ల లేరా?

దక్షిణ కొరియా సంగతి వినుండ్రి. 2015 మే నెల. గల్ఫ్ దేశాలు తిరిగొచ్చిన ఒక్క మనిషికి జ్వరం, దగ్గు. ఈ దవాఖాన, ఆ దవాఖాన తిరిగిండు. అది మెర్స్ వైరస్ అని తేలేసరికి తొమ్మిది రోజులైంది. అంతల పక్క బెడ్డోళ్లకు, తోడొచ్చినోళ్లకు, నర్సులకు, డాక్టర్లకు అంటింది. మొత్తం 186 మందికి! 38 మంది సచ్చిపోయిన్రు. పైసలున్న దేశం, పెద్ద పెద్ద దవాఖానలు. లేనిదల్లా మొదటిరోజు గుర్తుపట్టేటోళ్లే!

మరి మన దిక్కు? సర్కారు దవాఖాన ఓపీ లైన్ చూడుండ్రి. దగ్గేటాయన, బీపీ గోలీలకొచ్చిన ముసలవ్వ, సంకల చంటిపిల్లతోని తల్లి, అందరూ ఒక్కతానే! దగ్గేటోళ్లకు గేటుకాడనే మాస్కిచ్చి పక్కకు కూసోబెట్టనీకి ఎన్ని కోట్లు కావాలె?

వేలికి పెట్టే ఆక్సిమీటరే తీసుకోండ్రి. రోగి కూసుంటే 96 చూపెడ్తది. ఆరు నిమిషాలు నడిపిస్తే కొందరికి 91కి దిగుతది! ఆ నడిపించుడు తెల్వకపోతే “మంచిగనే ఉన్నవ్, ఇంటికి పో” అంటరు. రాత్రికి ఎగపోత!

మహబూబాబాద్‌ల 2022ల, జనగామ, భూపాలపల్లిల 2023ల సర్కారు మెడికల్ కాలేజీలు తెరిచిన్రు. ఆ ప్రొఫెసర్లు ప్రతి పీహెచ్‌సీకి ఎందుకు రారు? డాక్టర్, నర్సమ్మ, ఏఎన్‌ఎం, ఆశా అక్క, 108 తమ్ముడు, అందరికీ నేర్పాలె. “ఏడికి పోయొచ్చినవ్?” అని అడుగుడు, నమూనా తీసి పంపుడు, ఆక్సిజన్ పెట్టుడు, పీపీఈ కిట్టు తనకు అంటకుండ విప్పుడు! కాయితం మీద కాదు, చేతులతోని చేయించాలె. ఏటా చేయించాలె. లేకుంటే భూపాలపల్లిల బొగ్గు దుమ్ము మింగిన సింగరేణి కార్మికుని ఊపిరితిత్తులు ఇంకో దెబ్బ తట్టుకుంటయా?

ఊరి ఆర్‌ఎంపీలనూ పిలువాలె. కొందరికి ఈ మాట నచ్చదు. కానీ అర్ధరాత్రి మనం కొట్టేది ఆయన తలుపే! సూది పొడువకుండ, ఏ గుర్తులు కనవడితే వెంటనే దవాఖానకు పంపాలో ఆయనకు తెల్వద్దా?

ఇవన్నీ నేర్పాలని అడుగనీకి వచ్చే సోమవారం జనగామ కలెక్టరేట్‌ల ప్రజావాణికి పోతున్నం. పొద్దున 10 గంటలకల్ల గేటుకాడ ఉండుండ్రి. దరఖాస్తు మేం రాసి తెస్తం, సంతకం మీరు పెట్టుండ్రి. ఆశా అక్కలారా, నర్సమ్మలారా, మీరే ముందు నడువాలె. జ్వరం సర్వే అని ఇల్లిల్లు తిరిగింది మీరు! ఏ రోగమొచ్చినా ముందు అంటేది మీకే!