గ్రంథాలయ డిజిటల్ ప్రతుల భద్రతపై తీర్మానం

విజయవాడలోని మా గ్రంథాలయ సంఘం సర్వసభ్య సమావేశం, స్కాన్ చేసిన పాత పత్రికలు, దాతల ఉత్తరాలు, సభ్యత్వ రికార్డులు ఎక్కడ, ఎవరి చేతిలో ఉండాలన్న విషయాన్ని చర్చించి, ఈ కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

అన్నీ క్లౌడ్‌లో పెట్టేస్తే నిశ్చింత అని కొందరు సభ్యులు, మన సొత్తు మన కంప్యూటర్‌లోనే ఉండాలని మరికొందరు వాదించారు. రెండు వాదాల వెనకా అనుభవం ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ ఇళ్లలో కింది అంతస్తుల సామానంతా రోజుల తరబడి బురదనీటిలో నానింది. స్కాన్లన్నీ ఒకే కంప్యూటర్‌లో ఉండి, ఆ కంప్యూటర్ అలాంటి గదిలో ఉంటే మనకు మిగిలేదేమీ ఉండదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తర్వాత విశాఖలో కరెంటూ లేదు, ఫోన్ సిగ్నలూ లేదు. అలాంటప్పుడు క్లౌడ్‌లో ఎంత భద్రంగా ఉన్నా అందుకునే దారి ఉండదు.

క్లౌడ్‌లోనివి కూడా ఎక్కడో ఒక భవనంలోని డిస్కుల మీదే ఉంటాయి. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ ఒకటి కాలిపోయింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రానికి నిప్పంటుకుని, ఉద్యోగుల ఫైళ్లు దాచే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు నాశనమయ్యాయి. వాటికి వేరే చోట బ్యాకప్ లేదు. నిప్పే అక్కర్లేదు, ఒక కంపెనీ నిర్ణయం చాలు. తెలుగు భాషాసాహిత్యాలపై ఎన్నో చర్చలు సాగిన రచ్చబండ అనే వేదిక యాహూ గ్రూప్స్‌లో ఉండేది. 2020 డిసెంబరులో ఆ సేవే మూతపడింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు ఆగిపోయాక కూడా అందులోని తెలుగు పుస్తకాలు ఇవాళ చదవగలుగుతున్నామంటే, వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరడమే కారణం. అలా చేర్చినవారికి ఈ సభ కృతజ్ఞతలు తెలుపుతోంది.

ప్రస్తుతం మన స్కాన్లున్న ఖాతా ఒక మాజీ కార్యదర్శి గారి సొంత ఫోన్ నంబరు మీద ఉంది. తెరవాలంటే ఓటీపీ ఆయనకే వెళ్తుంది. ఆయన అమెరికాలో పిల్లల దగ్గరున్న రోజుల్లో ఇక్కడి సిమ్ పనిచేయక, పరిశోధన కోసం వచ్చిన విద్యార్థిని అడిగిన సంచిక దొరకకుండానే వెనక్కి వెళ్లింది. పైగా ఏ4 పేజీని రంగుల్లో 600 డీపీఐలో స్కాన్ చేసి, కుదించకుండా టిఫ్‌గా దాస్తే దాదాపు 100 ఎంబీ అవుతుంది. అంటే నూరు పేజీల సంచిక 10 జీబీ. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో రెండో సంచిక పూర్తిగా పట్టదు.

కాబట్టి మూల ప్రతి సంఘం డబ్బుతో కొన్న హార్డ్‌డిస్కులో, సంఘం స్వాధీనంలోనే ఉండాలని తీర్మానించడమైనది. రెండో డిస్కు మరో పేటలో, వరద నీరు చేరని పై అంతస్తులో ఒక సభ్యుని ఇంట ఉంచాలి. మూడో ప్రతిని డబ్బు కట్టి తీసుకున్న క్లౌడ్ ఖాతాలో, సంఘం పేరున ఉంచాలి. ఆ ఖాతాకు వాడే సిమ్ గ్రంథాలయం బీరువాలో ఉండాలి, పాస్‌వర్డు కార్యదర్శికీ కోశాధికారికీ తెలిసి ఉండాలి. క్లౌడ్ ఉంది కదా అని సొంత డిస్కును, డిస్కు ఉంది కదా అని క్లౌడ్‌ను వదులుకోరాదు.

సింక్ పెట్టినంత మాత్రాన బ్యాకప్ అయినట్టు కాదు. సింక్ చేసిన ఫోల్డర్‌లో ఇక్కడ పొరపాటున తుడిచిన ఫైలు అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ పడితే కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డిస్కునూ పాడుచేస్తుంది. అందుచేత కాపీ పూర్తి కాగానే డిస్కును కంప్యూటర్ నుంచి వేరుచేసి బీరువాలో పెట్టాలి.

ఏటా రెండుసార్లు ఇద్దరు సభ్యులు కలిసి మూడు ప్రతుల్లోంచీ ఫైళ్లు తెరిచి, ఫైలు మారలేదని తేల్చే చెక్‌సమ్‌లు సరిచూసి, రిజిస్టరులో సంతకం చేయాలి. అన్ని నిబంధనల్లోకీ దీన్నే ఈ సభ ముఖ్యమైనదిగా భావిస్తోంది. తెరిచి చూడని డిస్కులో ఫైళ్లు బాగున్నాయని నమ్మడానికి మన దగ్గర ఆధారం ఉండదు.

అనూ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేసిన మన వార్షిక సంచికలు ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌లో అక్షరాలు చెదిరి కనిపిస్తున్నాయి. వాటన్నిటికీ పీడీఎఫ్, యూనికోడ్ ప్రతులు తయారుచేయాలి. కాపీహక్కు తీరిన పత్రికలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ పెట్టాలి. సభ్యుల ఆధార్ జెరాక్సులు, ఫోన్ నంబర్లున్న దరఖాస్తులను మాత్రం ఎవరి సొంత డ్రైవ్‌లోనూ, వాట్సాప్‌లోనూ ఉంచరాదు.

ఖర్చును భవన మరమ్మతు నిధితో కలపకుండా ప్రత్యేక పద్దు కింద ఏటా బడ్జెట్‌లో చూపాలి. కొత్త డిస్కుల్లోకి కాపీ పూర్తయి, సరిచూసినట్టు రిజిస్టరులో సంతకాలు పడేదాకా పాత కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయడం గానీ, ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వడం గానీ చేయరాదు.

ప్రతిపాదించినవారు: కార్యదర్శి
బలపరిచినవారు: కోశాధికారి