ఆరో గడి ఎవరు గీయాలి?

బడి మానేసిన పిల్లల మీద నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. 'మానేసిన' అన్న మాట నాది కాదు, యూనివర్సిటీది. పేచీ అంతా ఆ మాట దగ్గరే.

మాది కర్నూలు జిల్లా పడమటి పల్లె. మా వంశంలో డిగ్రీ మొహం చూసింది నేనే మొదలు. ఇప్పుడు సర్కారు బడిలో టీచర్ని. వానలు ఎత్తిపోతే మా మాదిగ గేరి గుంటూరు మిరపకోతలకు కదులుతుంది. పెద్దపిల్ల కోతకు, నడిపిది చంటిబిడ్డను చూసుకోడానికి. హాజరుపట్టీలో వాళ్ల పేర్లకెదురుగా 'లాంగ్ ఆబ్సెంట్' అని పడుతుంది. అంతటితో బడి చేతులు కడుక్కుంటుంది.

గైడు ఇచ్చిన ప్రశ్నావళిలో బడి మానడానికి ఐదు కారణాలు, ఐదు గళ్లు. పేదరికం, తల్లిదండ్రుల నిరక్షరాస్యత, చదువు మీద అనాసక్తి, అనారోగ్యం, వలస. ఐదింట్లోనూ తప్పు మాదే. బడి తప్పు ఒక్క గడిలోనూ లేదు!

సెలవు దొరికేది ఆదివారమే. కూలోళ్లకు ఆదివారం ఉండదు. అందుకే పొద్దుగూకినాక అరుగుల మీద కూర్చుని రాసుకున్నాను. ఒక తల్లి అనింది: "కుండ ముట్టిందని పాపను అందర్లో తిట్టిరంట నాయినా. ఆ పొద్దు నుంచి బడి అంటేనే ఏడుస్తాది." ఈ మాటను ఏ గడిలో వెయ్యాల? అనాసక్తి అనా?

ఆరో గడి గీసినాను: బడిలో కులావమానం. గైడుగారు కొట్టేశారు. "నువ్వా కులం వాడివే. ఆబ్జెక్టివిటీ పోతుంది" అన్నారు. ఆర్నెల్ల ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం ఆగింది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాకున్నది ఆరేళ్లు, మళ్లీ రిజిస్టరు చేసుకుంటే ఇంకో రెండేళ్లు. గడియారం మాత్రం ఆగదు.

అయ్యా, అగ్రకుల పండితులు మా గేరి మీద థీసిస్‌లు రాసినప్పుడు వాళ్ల కులమేందని ఎవరన్నా అడిగినారా? ఊర్లో నిలబడి చూస్తే శాస్త్రం, గేరిలో నిలబడి చూస్తే పక్షపాతమా? ఊరు మాత్రం ఒక పక్షం కాదా?

1928 మే 29న బహిష్కృత హితకారిణీ సభ తరపున సైమన్ కమిషన్‌కు ఒక నివేదిక అందింది. బొంబాయి రాష్ట్రంలో అణగారిన కులాల చదువు ఎట్లుందో అందులో అంకెలతో చెప్పినాడు అంబేద్కర్. సర్కారు లెక్కలనే తీసి కులాల వారీగా పక్కపక్కన పెట్టినాడు. అంటరానితనం అనుభవించినవాడే ఆ లెక్క తీసినాడు. అది పక్షపాతమా?

బడిలో కులం లేదంటారు. మరి 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యమియ్యమని ఎందుకు చెప్పాల్సొచ్చింది? యూడైస్‌లో ఏ పిల్లలు ఎస్సీలో ఏటా నింపుతాం. వాళ్లను ఏ మూల కూర్చోబెడుతున్నారో రాయడానికి గడి లేదు. గడి లేనిచోట లెక్క లేదు. లెక్క లేనిచోట నేరం లేదు. కిటుకంతా ఇంతే.

మా పిల్లలు బడి మానలేదు. బడే మాన్పించింది. ఈ ఒక్క వాక్యం నిలబెట్టడానికే నా డేటా.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీరూ రేపు పరిశోధనలకు పోతారు. మీ చేతికి అచ్చేసిన ప్రశ్నలిస్తారు. జవాబులు ఏరడానికి ముందు ఆ ప్రశ్నలు ఎవరు రాసినారో అడగండి. మన గేరి నోట వచ్చిన మాట పట్టకుంటే కొత్త గడి గియ్యండి. సంతకం ఆలస్యమైతే కానీ. నేనైతే ఆరో గడి చెరపను.