దంతవైద్యునకు మాటయు నేర్పుడు

పండ్లు పెఱుకుట నేర్పు కళాశాలలు రోగిని పలుకరించుట నేర్పకున్న నా విద్య సగమే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల జనుల కీ లోపము మాటలతో పోవునది కాదు, ఆరోగ్యమునకే చేటు.

ఉమ్మడి నల్లగొండ జిల్లా ఫ్లోరైడు నీటికి పేరుమోసినది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాముల హద్దు మీఱిన ఫ్లోరైడు, బాల్యమున దంతములు రూపొందునపుడే పింగాణి పొరను చెఱచును. మిషన్ భగీరథ జలము వచ్చినను నాటి బోరునీటి మచ్చలు మాయలేదు. అది గార కాదు. ఎంత తోమినను పోదు. అట్టి పండ్లుగల కూలితల్లిని "పండ్లు తోముకొనవా?" యని గద్దించు యువవైద్యుడు మర్యాదనే కాదు, శాస్త్రమునే మఱచినవాడు. చేయని తప్పునకు తలవంచుకొని పోయిన యామె మరల దవాఖాన గడప త్రొక్కునా?

మృదుభాషణము పుట్టుకతో రావలెనేగాని నేర్పిన వచ్చునా యని కొందఱందురు. పటకారు పట్టుట పుట్టుకతో వచ్చినదా? "సాఫ్ట్ స్కిల్స్" అనగా ఇంగ్లీషు పలుకులును అంగడి చిఱునవ్వును అని మఱికొందఱి భ్రమ. తెలుగో లంబాడీయో తప్ప నెఱుగని రోగికి వానితో నేమి పని?

ఎం.బి.బి.ఎస్. పాఠ్యక్రమమున 2019లోనే నడవడి, నీతి, సంభాషణములకు స్థానము దొరకెను. దంతవైద్యమునకు 2023లో జాతీయ కమిషను చట్టము వచ్చెను. ఇక జాగేల? కడపటి యేటి శిక్షణలో ప్రతి విద్యార్థియు, మచ్చ యెందుకు వచ్చెనో, చికిత్స యేదో, ఖర్చెంతో రోగి కెఱుకైన మాటలలో చెప్పి చూపవలయును. చెప్పలేనివానికి పట్టము నిలుపవలయును. పరుల నోరు బాగుచేయబోవువాని నోరు ముందు బాగుండవలదా?